లారీకి కూడా పళ్ళు చూడాలి: విశాఖ చెప్పిన గేరు లెక్క

ఈసారి పోస్టు పంట గురించి కాదు, పంట మోసే బండి గురించి. కొంచెం పెద్దదే, ఓపికగా చదవండి.

మా ఊళ్లో ఐదుగురం కలిసి పాత లారీ ఒకటి కొందామనుకుంటున్నాం. బెల్లం అనకాపల్లి మార్కెట్‌కి వేసుకోవాలి, ఎరువుల బస్తాలు ఊరికి తెచ్చుకోవాలి, సీజన్‌లో సాలూరు ఘాటు మీదుగా ఒడిశా వైపు బెల్లం లోడు పంపాలి. రెండు బండ్లు చూశాం. ఒకే కంపెనీ, ఒకే ఇంజన్, ఒకే ఏడాది. రేటు కూడా అటూఇటూ ఒకటే. ఒకటి చెన్నై–కోల్‌కతా హైవే మీద తిరిగింది. రెండోది క్వారీ రాయి మోసింది. మావాళ్లు నలుగురూ "హైవే బండే తీసుకుందాం, మైలేజీ వస్తాది" అన్నారు. నేను ఒక్కడినే ఆగమన్నాను. వెనక హౌసింగ్ లోపల పళ్ళు ఎన్నున్నాయో తెలిశాకే అడ్వాన్సు ఇద్దాం అన్నాను.

"పళ్ళు చూసి కొనడానికి ఇదేమైనా ఎద్దా బావా?" అని నవ్వారు.

నవ్వడంలో తప్పు లేదు. సంతలో ఎద్దుకి నోరు తెరిచి పళ్ళు చూడకుండా ఎవడూ బేరం ఆడడు. లారీకి కూడా అంతే చూడాలని నాకు డబ్బు పోయాక తెలిసింది. ఆ సంగతి చివర్లో చెప్తాను. ముందు అసలు లెక్క, దాని వెనక మన విశాఖ చరిత్ర చెప్పుకుందాం. బరువు లాగాలా, పరుగు తీయాలా అన్న ప్రశ్న మన ఓడరేవు పుట్టకముందు నుంచీ ఈ నేల మీద ఉన్నదే.

గానుగలో ఉన్నదే లారీలో ఉంది

చెరకు క్రషర్ ఆడించినవాళ్లకి ఇది నేను చెప్పక్కర్లేదు. ఇంజన్ నిమిషానికి వెయ్యి, పదిహేను వందల చుట్లు తిరుగుతుంది. చెరకు పిండే రోలు మాత్రం నెమ్మదిగా తిరుగుతుంది. మధ్యలో చిన్న పుల్లీ నుంచి పెద్ద పుల్లీకి, చిన్న పళ్ళచక్రం నుంచి పెద్ద పళ్ళచక్రానికి వేగాన్ని తగ్గించుకుంటూ వస్తాం. వేగం ఎంత తగ్గితే పిండే బలం అంత పెరుగుతుంది. ఇంజన్ బలం ఎక్కడా పెరగలేదు, వేగాన్ని ఇచ్చి లాగుడు తెచ్చుకున్నాం. మారుబేరం అన్నమాట.

లారీలో ఈ మారుబేరం రెండు చోట్ల జరుగుతుంది. ఒకటి డ్రైవర్ చేతిలో ఉన్న గేరుబాక్సు. రెండోది వెనక ఇరుసు మధ్యలో ఉబ్బెత్తుగా కనిపించే హౌసింగ్ లోపల. అక్కడ చిన్న పినియన్ పెద్ద క్రౌన్ చక్రాన్ని తిప్పుతుంది. క్రౌన్‌కి 41 పళ్ళు, పినియన్‌కి 7 పళ్ళు ఉంటే షాఫ్టు 5.86 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. అదే పినియన్‌కి 6 పళ్ళే ఉంటే 6.83 చుట్లు తిరగాలి. ఒక్క పన్ను తేడా. దాంతోనే చక్రం దగ్గర లాగుడు ప్రతి గేరులోనూ ఆరో వంతు పెరుగుతుంది, వేగం అదే లెక్కన పడిపోతుంది.

గేరుబాక్సులో గేరు ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చుకోవచ్చు. ట్రాక్టర్‌లో అయితే హై, లో లివర్ కూడా ఉంది, దుక్కిలో లో, రోడ్డు మీద హై. మామూలు లారీ ఇరుసులో ఆ లివర్ లేదు. ఫ్యాక్టరీలో వేసిన పళ్ళే బండి బతికినంతకాలం.

ఉప్పు ఎడ్ల నుంచి జలదుర్గ దాకా

రైలు లేని రోజుల్లో మన తీరం ఉప్పు జయపురం, బస్తరు అడవుల్లోకి ఎలా వెళ్లేది? బంజారాలు ఎడ్ల వీపుల మీద గోనెలు వేసి మందలుగా తోలుకెళ్లేవారు. కొండ దారిలో బండి చక్రం నడవదు కాబట్టి చక్రమే వదిలేశారు. ఒక్కో ఎద్దు మోసేది కొంచెం, నడక నిదానం. కానీ కొండ ఎక్కేది. మైదానంలో బండి కట్టేవాళ్లు కూడా మట్టి ఎత్తు వస్తే పక్క బండి ఎడ్లను కలిపి కట్టేవారు. ఎత్తు దాటాక విప్పేసేవారు. మన తాతలు గేరు మార్చిన పద్ధతి అదే.

తర్వాత బెంగాల్ నాగపూర్ రైల్వే వచ్చింది. మధ్య పరగణాల మాంగనీసు ఖనిజం సముద్రానికి చేరాలంటే దగ్గరి రేవు కావాలి. తూర్పు కనుమలు దాటే రాయపూర్–విజయనగరం లైను, విశాఖ ఓడరేవు రెండూ ఆ అవసరంలోంచే పుట్టాయి. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ కొత్త రేవులోకి వచ్చింది. ఆ రోజు నుంచి విశాఖకి ఒకటే పని: కొండల వెనక ఉన్న బరువుని సముద్రం దగ్గరికి దించడం.

కేకే లైను నేర్పిన పాఠం

ఆ పని ఎంత కష్టమో 1960ల్లో తెలిసింది. బైలదిల్లా ఇనుప ఖనిజం జపాన్‌కి అమ్మడానికి 1960లో ఒప్పందం కుదిరింది. దానికోసం కొత్తవలస నుంచి కిరండూల్ దాకా దాదాపు 446 కిలోమీటర్ల లైను వేశారు. అరకు వెళ్లినవాళ్లంతా చూసే సొరంగాలు ఆ లైనువే. సముద్రానికి దగ్గరగా ఉన్న కొత్తవలస నుంచి బయలుదేరి శిమిలిగుడ దగ్గర 996 మీటర్ల ఎత్తుకి చేరుతుంది. ఘాటులో వాలు 60కి 1. అంటే 60 మీటర్లు ముందుకెళ్తే ఒక మీటరు పైకి.

60కి 1 అంటే మనకి నవ్వులాట, చేను గట్టు కూడా అంతకంటే నిటారుగా ఉంటుంది. రైలుకి అది కొండే. 3,000 టన్నుల రైలుని ఆ వాలు మీద నిలబెట్టడానికే 50 టన్నుల లాగుడు కావాలి, కదిలించడానికి ఇంకా పైన. అందుకే ఆ లైను మీద రెండేసి, మూడేసి ఇంజన్లు కట్టి నడపడం మామూలైంది. మన తాతలు పక్క బండి ఎడ్లు కట్టినట్టే. 1982 నాటికి లైనంతా కరెంటు వచ్చింది. 1987–88లో స్వీడన్ ఏసియా, జపాన్ హిటాచీ కంపెనీల నుంచి ఆరు వేల హార్స్‌పవర్ తరగతి ఇంజన్లు 18 తెప్పిస్తే, వాటిని ఉంచింది మన వాల్తేరు షెడ్డులోనే. ఈ లైనుని మించిన పరీక్ష ఇంకేముంటుంది?

ఇక్కడ మనకి కావలసిన అసలు ఉదాహరణ ఉంది. ఈ రోజు విశాఖ స్టేషన్‌లో నిలబడితే రెండు రకాల కరెంటు ఇంజన్లు కనిపిస్తాయి. గూడ్సు లాగేది డబ్ల్యూఏజీ–9. ఎక్స్‌ప్రెస్ లాగేది డబ్ల్యూఏపీ–7. మూతి ఒకటే, ఒళ్ళు ఒకటే. 1990ల్లో ఏబీబీ కంపెనీ నుంచి వచ్చిన గూడ్సు ఇంజన్‌నే తీసుకుని, చిత్తరంజన్ కార్ఖానా వాళ్లు 2000 ప్రాంతంలో దాన్ని ప్యాసింజర్ ఇంజన్‌గా మార్చారు. రెండింటికీ బలం ఆరు వేల హార్స్‌పవర్ పైచిలుకే. ముఖ్యంగా మారింది పళ్ళు, దానికి తగ్గట్టు కంట్రోలు సాఫ్ట్‌వేర్.

గూడ్సు ఇంజన్‌కి 77కి 15 పళ్ళు, అంటే 5.13. ఎక్స్‌ప్రెస్ ఇంజన్‌కి 72కి 20, అంటే 3.6. ఇప్పుడు ఫలితం చూడండి. గూడ్సు ఇంజన్ కదిలేటప్పుడు లాగుడు సుమారు 46 టన్నులు, వేగం గంటకి 100 కిలోమీటర్లు. ఎక్స్‌ప్రెస్ ఇంజన్ లాగుడు సుమారు 33 టన్నులు, వేగం 140. 5.13ని 3.6తో భాగించినా, 46ని 33తో భాగించినా వచ్చేది ఇంచుమించు ఒకటే, 1.4. దేశంలో పెద్ద ఇంజనీర్లు కూడా ఒకే పళ్ళతో రెండు పనులూ చేయించలేకపోయారు. రెండు ఇంజన్లు పెట్టుకున్నారు. మనం ఒక్క లారీతో రెండూ చేయాలనుకుంటున్నాం కాబట్టి మనకే ఎక్కువ ఆలోచన కావాలి.

లారీల కాలం, ఉక్కు కాలం

1954లో టెల్కో వాళ్లు జంషెడ్‌పూర్‌లో బెంజి లారీ మొదలుపెట్టారు. మద్రాసులో అశోక్ మోటార్స్ 1955లో అశోక్ లేలాండ్ అయింది. ఆ కాలం లారీకి నూరు గుర్రాల ఇంజన్ అంటే గొప్ప. రోడ్డు ఒకే వరస, గతుకులు, ప్రతి ఊళ్లో గేటు, సంత. యాభై దాటి పరిగెత్తే చోటే లేదు. పైగా లోడు రాసిన దానికంటే ఎక్కువే ఎక్కించేవాళ్లం. చిన్న ఇంజన్, పెద్ద బరువు, చెడ్డ రోడ్డు. అలాంటి బండికి నెమ్మది పళ్ళే సరైనవి. మా నాన్న తరం డ్రైవర్లకి వేరే రకం ఉంటుందన్న ఆలోచన రావడానికి కూడా కారణం లేదు.

తర్వాత ఉక్కు వచ్చింది. "విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు" అని 1966లో జనం ప్రాణాలిచ్చారు, 1971లో శంకుస్థాపన జరిగింది, మనలాంటి రైతులు భూములిచ్చారు, 1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి. నరసింహారావు ప్లాంటుని జాతికి అంకితం చేశారు. కమ్మీలు, వైర్ రాడ్ చుట్టలు, బిల్లెట్లు మోసే ట్రెయిలర్లతో కూర్మన్నపాలెం, గాజువాక రోడ్లు నిండాయి. ఉక్కు లోడు చూడ్డానికి కొంచెమే, తూకానికి కొండ. తొట్టిలో సగం కూడా నిండదు, టైర్లు మాత్రం అణిగిపోతాయి.

2000 తర్వాత చెన్నై–కోల్‌కతా హైవే నాలుగు వరసలైంది. టర్బో ఇంజన్లు వచ్చాయి, 2020 ఏప్రిల్ నుంచి బీఎస్–6 ఇంజన్లు వచ్చాయి. తక్కువ చుట్లలోనే ఎక్కువ లాగుడు ఇచ్చే ఇంజన్ ఉంటే నెమ్మది పళ్ళు అక్కర్లేదు, పరుగు పళ్ళు వేసి డీజిల్ మిగిల్చుకోవచ్చు. అక్కడినుంచి దారులు రెండైపోయాయి. హైవే బండికి ఒక రకం పళ్ళు, క్వారీ టిప్పర్‌కి ఇంకో రకం. బయటికి మాత్రం రెండూ ఒకేలా కనిపిస్తాయి. బండి మీద 2518 అని ఉంటే 25 టన్నులు, 180 హార్స్‌పవర్ అని చదువుకుంటాం. పళ్ళ లెక్క ఆ పేరులో ఉండదు. మోసపోయేది అక్కడే.

కాగితం మీద లెక్క

ఇప్పుడు మన లారీకి వద్దాం. 10.00–20 టైరు ఒక్క చుట్టు తిరిగితే బండి సుమారు 3.2 మీటర్లు వెళ్తుంది. గంటకి 60 కిలోమీటర్లంటే నిమిషానికి 1,000 మీటర్లు, అంటే చక్రం సుమారు 312 చుట్లు. టాప్ గేరులో ఇంజన్, షాఫ్టు సమంగా తిరిగే బండి అనుకుందాం.

5.86 పళ్ళకి ఇంజన్ నిమిషానికి 1,830 చుట్లు తిరుగుతుంది. 6.83 పళ్ళకి 2,130.

ఇంజన్ 2,400 దాటకూడదు అనుకుంటే 5.86 బండి 79 దాకా వెళ్తుంది. 6.83 బండి 67 దగ్గరే అరుస్తుంది. రోజంతా హైవే మీద తిరిగే బండికి ఆ మూడొందల చుట్ల తేడా డీజిల్‌లో, ఇంజన్ అరుగుదలలో కనిపిస్తుంది. అయితే ఇంకోటి గుర్తుంచుకోండి. లారీలకి స్పీడు గవర్నర్ 80 దగ్గర కట్టేస్తుంది. అంతకు మించి పరుగు పళ్ళు వేసుకున్నా ఆ వేగం మనకి దక్కదు.

ఇక ఘాటు. 25 టన్నుల బండి నున్నటి చదును రోడ్డు మీద నిదానంగా నడవాలంటే సుమారు రెండు వందల కిలోల లాగుడు చాలు. 20కి 1 ఎత్తు వచ్చిందా, అదనంగా 1,250 కిలోలు కావాలి. ఒక్కసారిగా ఏడింతలు. గేరు దించుకుంటూ పోతాం, చివరికి ఫస్టు గేరు. హెయిర్‌పిన్ మలుపులో ఎదురుగా బస్సు వచ్చి మధ్యలో ఆపితే, మళ్ళీ కదిలించాలి. ఆ కదిలింపులో ఫస్టు గేరు కింద ఇంకేం గేరు ఉండదు. పళ్ళు తక్కువైతే ఆ లోటు క్లచ్ తీరుస్తుంది, అంటే కాలిపోతుంది.

దిగడం కూడా లెక్కే

మైలేజీ మాటల్లో అందరూ మర్చిపోయేది ఇది. కేకే లైను మీద ఖనిజం నిండిన రైలు జగదల్‌పూర్ దాటాక కోరాపుట్ వైపు ఎక్కుతుంది, శిమిలిగుడ దాటాక సముద్రం వైపు దిగుతుంది. మన అనంతగిరి ఘాటులో లోడు రైలుకి భయం ఎక్కడంలో లేదు, దిగడంలో ఉంది. అందుకే అక్కడ మోటారుతోనే రైలుని వెనక్కి పట్టి దించుతారు. బ్రేకు చెక్కల మీదే ఆధారపడితే అవి కాగిపోయి పట్టు వదిలేస్తాయి.

లారీ కూడా అంతే. సాలూరు ఘాటు, అంటే పాత 43వ నంబరు, ఇప్పటి 26వ నంబరు జాతీయ రహదారి మీద కోరాపుట్ వైపు నుంచి లోడుతో దిగేటప్పుడు మంచి డ్రైవర్ ఏ గేరులో ఎక్కుతాడో ఆ గేరులోనే దిగుతాడు. ఇంజనే బండిని పట్టుకుంటుంది. నెమ్మది పళ్ళ బండిని ఇంజన్ గట్టిగా పడుతుంది. పరుగు పళ్ళ బండి అదే గేరులో జారుతుంది, కాలు బ్రేకు మీదికి పోతుంది. ఎక్కేటప్పుడు పళ్ళు తక్కువైతే క్లచ్ పోతుంది. దిగేటప్పుడు తక్కువైతే మనిషి పోతాడు.

నేను పోగొట్టుకున్నది

కొన్నేళ్ళ క్రితం నేనూ, మా తమ్ముడూ ఒక బ్రోకర్ మాట నమ్మి హైవే బండి కొన్నాం. "కండిషన్ బండి, డీజిల్ తాగదు" అన్నాడు. అబద్ధం కాదు, హైవే మీద నిజంగానే తాగలేదు. మేం దాన్ని ఘాటుకి తీసుకెళ్ళాం. ఒక్క సీజన్‌లో రెండుసార్లు క్లచ్ ప్లేట్లు మార్చాం. రెండోసారి మలుపులో బండి కదలక, క్లీనర్ కుర్రాడు రాయి వేసేలోపు నాలుగడుగులు వెనక్కి జారింది. రాయి ఆగింది కాబట్టి ఈ పోస్టు రాస్తున్నాను. ఆ కుర్రాడు మళ్ళీ మా బండెక్కలేదు. వచ్చిన రేటుకి అమ్మేశాం. గాజువాక ఆటోనగర్‌లో ఒక పెద్ద మేస్త్రీ హౌసింగ్ మీద చెయ్యి వేసి "బాబూ, బండిలో లోపం లేదు, దానికి రాని పని దానిచేత చేయించారు" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ మర్చిపోలేను.

పళ్ళు ఎలా చూడాలి

ఇరుసు మీద చిన్న రేకు మీద గానీ, బండి పుస్తకంలో గానీ లెక్క ఉంటుంది. పాత బండికి రేకు ఉండదు, ఉన్నా లోపల సెట్టు మార్చేసి ఉండొచ్చు. కాబట్టి లెక్కపెట్టడమే మేలు. మేస్త్రీని పెట్టుకుని, ముందు చక్రాలకి గట్టి చెక్కలు వేయించి, వెనక రెండు వైపులా చక్రాలు లేపించండి. ఇంజన్ ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, షాఫ్టు మీద ఒకటి, చక్రం మీద ఒకటి సుద్దగీత గీయండి. రెండు చక్రాలూ సమంగా ఒక్క చుట్టు తిరిగేసరికి షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో అదే మీ లెక్క. ఒక వైపు చక్రమే లేపితే షాఫ్టు సగమే తిరుగుతుంది, అప్పుడు వచ్చినదాన్ని రెట్టింపు చేసుకోవాలి. వెనక రెండు ఇరుసులూ లాగే బండైతే రెండింటి లెక్కా ఒకటే ఉండాలి.

పళ్ళు మార్చుకోవచ్చు కదా అంటారు. మార్చుకోవచ్చు. కానీ క్రౌన్, పినియన్ జతగా పుడతాయి, జతగానే మార్చాలి. ఒక్కటి మారిస్తే అరుస్తాయి, అరిగిపోతాయి. ఆ ఖర్చు కూడా బండి రేటులో కలిపి చూసుకోండి.

అన్నిటికంటే ముందు ఇంకో లెక్క ఉంది. గడిచిన ఏడాది మీరు ఎన్ని రోజులు లోడుతో ఘాటు ఎక్కారు, ఎన్ని రోజులు హైవే మీద ఉన్నారు, ఎన్ని రోజులు చేలల్లో, మట్టి రోడ్ల మీద ఉన్నారు అని కాగితం మీద రాయండి. మేం ఐదుగురం మొన్న రాత్రి అరుగు మీద కూర్చుని రాశాం. హైవే ట్రిప్పుల్లో ఎక్కువ అనకాపల్లి దాకానే, అరవై దాటే అవసరం లేదు. ఘాటు, మట్టి రోడ్డు కలిపితే సగానికి పైన. అది చూశాక మావాళ్లే మాట్లాడ్డం మానేసి క్వారీ బండి ఫోన్ నంబరు వెతికారు. దాని ఛాసిస్ బాగోకపోతే అదీ వద్దు. కానీ ఏ రకం బండి వెతకాలో తేలిపోయింది.

ఈ లెక్క శాశ్వతం కూడా కాదు. రాయపూర్–విశాఖ ఆరు వరసల కొత్త రోడ్డుకి 2022 నవంబరులో విశాఖలో మన రాష్ట్రం వాటాకి శంకుస్థాపన జరిగింది. 460 కిలోమీటర్లకు పైగా ఉన్న ఆ రోడ్డు పూర్తిగా నడిచిన రోజున సాలూరు ఘాటు లోడు అటు మళ్లుతుంది. అప్పుడు మన పిల్లలు పరుగు పళ్ళ బండి కొంటే వాళ్లది తప్పు కాదు. ఉప్పు ఎడ్లు పోయి రైలు వచ్చినప్పుడు, నూరు గుర్రాల లారీ పోయి టర్బో వచ్చినప్పుడు పాత లెక్క మారినట్టే ఇదీ మారుతుంది. అప్పటిదాకా మన రోడ్డు ఇదే, మన లోడు ఇదే.

వచ్చే ఆదివారం మేస్త్రీని తీసుకుని క్వారీ బండి చూడ్డానికి వెళ్తున్నాం. సుద్దముక్క నేనే తెస్తానన్నాను. షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో మళ్ళీ రాస్తాను. మీలో ఎవరైనా పాత లారీ కొనే ఆలోచనలో ఉంటే తొందరపడి అడ్వాన్సు ఇవ్వకండి. ముందు పళ్ళు లెక్కపెట్టించండి.